విశాఖలో రాకెట్ విడిభాగాల పరీక్షా కేంద్రం కోసం మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రాష్ట్ర పరిశ్రమల శాఖ మంత్రి గారికి,

నమస్కారములు. నేను విశాఖ ఆటోనగర్‌లోని ఒక చిన్న ఫ్యాబ్రికేషన్ యూనిట్‌లో నాణ్యత తనిఖీ చూస్తాను. రాకెట్ విడిభాగాలను పరీక్షించుకునే ఉమ్మడి కేంద్రం ఒకటి మన నగరంలో నెలకొల్పవలసిందిగా కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను.

2024 డిసెంబరు చివరిలో, ఒక ప్రైవేటు సంస్థ తయారు చేస్తున్న చిన్న రాకెట్ కోసం మేము వెల్డింగ్ చేసిన గ్యాస్ ట్యాంకును చెక్కపెట్టెలో సర్దుకుని, పరీక్షకని దాదాపు 700 కిలోమీటర్లు ప్రయాణించి సూళ్ళూరుపేట వైపు వెళ్ళాము. ట్యాంకులో హీలియం నింపి, అతుకు వెంబడి ప్రోబ్‌ను నెమ్మదిగా జరుపుతుండగా మెడ దగ్గరకు వచ్చేసరికి మీటరులో అంకె పెరిగింది, అంటే అక్కడ హీలియం లీకవుతోంది. పరీక్షా కేంద్రం ఆటోనగర్‌లోనే ఉండి ఉంటే అతుకును గ్రైండ్ చేసి, మళ్ళీ వెల్డ్ చేసి, ఎక్స్‌రే తీయించి వెంటనే తిరిగి పరీక్షకు పెట్టేవాళ్ళం. అక్కడ మా వెల్డరు లేడు, మా మెషినూ లేదు. పెట్టె మళ్ళీ లారీ ఎక్కింది.

ఆ నెల 30న రాత్రి పది గంటలకు ఇస్రో రాకెట్ పీఎస్ఎల్‌వీ-సీ60 శ్రీహరికోట నుంచి, అంతరిక్షంలో ఒకదానితో ఒకటి అనుసంధానమయ్యే ప్రయోగం కోసం తయారైన స్పేడెక్స్ జంట ఉపగ్రహాలతో లేవడం సందర్శకుల గ్యాలరీ నుంచి చూశాము. ముందు వెలుగు వచ్చి పక్కవాళ్ళ ముఖాలు పగటిలా కనిపించాయి. కొన్ని క్షణాల తర్వాత వచ్చిన చప్పుడు గుండెలో అదిరింది. పక్క బూస్టర్లు లేని ఆ రాకెట్‌ను నేల నుంచి లేపింది మొదటి దశలోని సుమారు 139 టన్నుల ఘన ఇంధనమే. దాన్ని ఒకసారి ముట్టించాక ఆపే వీలు ఉండదు కనుక లోపం ఏదైనా నేల మీద ఉండగానే దొరకాలి. అందుకే మా ట్యాంకు తిరిగి వచ్చినందుకు నాకు బాధ లేదు. అది తిరగవలసి వచ్చిన దూరం మీదే నా ఫిర్యాదు.

2025లో ప్రభుత్వం తెచ్చిన అంతరిక్ష విధానంలో తిరుపతికి, లేపాక్షికి స్పేస్ సిటీలు దక్కాయి. ఒకటి శ్రీహరికోటకు, మరొకటి బెంగళూరుకు దగ్గర కనుక ఆ ఎంపికను తప్పుపట్టలేము. అయితే 1948లో ‘జల ఉష’ నౌకను, 2009లో అరిహంత్ అణు జలాంతర్గామిని నీటిలోకి దించిన ఈ ఊళ్ళో, ఒత్తిడిని తట్టుకునే అతుకు వేయడం తెలిసిన పనివాళ్ళు తరాలుగా ఉన్నారు.

హీలియం లీక్ పరీక్ష, విడిభాగాలను కుదిపి చూసే వైబ్రేషన్ టేబుల్, అతుకులకు ఎక్స్‌రే తీసే రేడియోగ్రఫీ గది ఉన్న షెడ్డు ఒకటి ఆటోనగర్‌లోనో అచ్యుతాపురంలోనో ఏర్పాటు చేయించండి. ఆ యంత్రాలు కొనడం మావంటి యూనిట్ల స్తోమతకు మించిన పని. ఉచితంగా ఇమ్మని అడగడం లేదు. గంట లెక్కన రుసుము కట్టడానికి మేము సిద్ధంగా ఉన్నాము.

భవదీయుడు,
నాణ్యత తనిఖీ ఉద్యోగి, ఆటోనగర్, విశాఖపట్నం