హైస్కూళ్లలో కౌన్సెలర్లను ఎప్పుడు నియమిస్తారు?

సంపాదకులకు,

మెగా డీఎస్సీలో 16,347 టీచర్ పోస్టులు ప్రకటించినప్పుడు మాలాంటి తల్లిదండ్రులు చాలా సంతోషించారు. అయితే పిల్లల బాధ వినే మనిషి పోస్టు అందులో ఒక్కటీ లేదు.

విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటున్న ఒక విద్యార్థిని మృతి కేసులో 2025 జులైలో సుప్రీంకోర్టు స్పష్టమైన ఆదేశాలిచ్చింది. 100 మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో కనీసం ఒక కౌన్సెలరో, సైకాలజిస్టో, సోషల్ వర్కరో ఉండాలంది. మన రాష్ట్రం నుంచి వెళ్లిన కేసు ఇది. మా ఊరి జిల్లా పరిషత్ హైస్కూల్లో మాత్రం అలాంటివారెవరూ లేరు.

మా అమ్మాయి క్లాసులో ఒక పిల్ల తరచూ బడి మానేస్తోంది. తల్లిదండ్రులు పనులకు వలస వెళ్తే తమ్ముణ్ని చూసుకోవాల్సింది తనే. క్లాస్ టీచరమ్మకు ఈ సంగతి తెలుసు, వాళ్లింటికి వెళ్లి మాట్లాడాలనీ ఉంది. కానీ పొద్దున్నే హాజరు యాప్, మధ్యాహ్నం భోజనం ఫొటోలు, ఆపైన ఖాళీగా ఉన్న లెక్కల పోస్టు వల్ల మీదపడ్డ పీరియడ్లు. పాపం, ఆవిడకు తీరికెక్కడ? ఇందులో టీచర్లను తప్పుపట్టడం అన్యాయం.

మానసిక ఇబ్బందులున్నవారికి ఫోన్లో సలహా ఇచ్చే ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416 నంబరు మంచిదే. చేతిలో ఫోన్ లేని పిల్లలు ఎవరితో చెప్పుకోవాలి?

యాప్‌ల పనికి ప్రతి హైస్కూల్‌కూ ఒక క్లర్కును ఇవ్వాలి. కోర్టు చెప్పిన కౌన్సెలర్ల నియామకానికి తేదీ ప్రకటించాలి. పదో తరగతి స్పెషల్ క్లాసుల టెన్షన్ మొదలయ్యేలోపే ఇది జరగాలని విద్యాశాఖను కోరుతున్నాను.

— ఒక విద్యార్థిని తండ్రి, అనకాపల్లి జిల్లా