ఎరువు వేసే ముందు మట్టిలో ఉప్పు చూడమనండి

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం మీ మిద్దెతోట శీర్షికలో ఆకుల అంచులు మాడుతుంటే పొటాష్ లోపమని, ఎరువు వేయమని రాశారు. కొన్నిసార్లు అదీ నిజమే. కానీ మా బెంగళూరు అపార్ట్‌మెంట్లలో ముందు చూడాల్సింది మట్టిలో ఉప్పు. రసాయన ఎరువులూ లవణాలే కాబట్టి, ఉప్పెక్కిన మట్టిలో అవి వేస్తే మొక్క ఇంకా త్వరగా పోతుంది.

నాకు జరిగింది ఇదే. మారతహళ్లిలో మా మిద్దె మీద బీన్స్ మొక్కలు మట్టి తడిగా ఉన్నా వాడిపోతుంటే బలం చాలడం లేదనుకుని ఎరువు మీద ఎరువు వేశాను. అనంతపురం వైపు పల్లెలో పుట్టినదాన్ని, పొలంలో ఉప్పు తెల్లగా పైకి తేలే పాలచౌడును దూరం నుంచే గుర్తుపడతాను, అదే తెల్లపొర కుండీ అంచున కడితే సున్నమనుకున్నాను! మాగాయ ముక్కలకు ఉప్పు పట్టిస్తే ఊట దిగుతుంది కదా, వేళ్లకూ అలాంటి కష్టమే, చుట్టూ నీళ్లున్నా పీల్చుకోలేవు.

మట్టి పులుపు, క్షారం చూసే పీహెచ్ కిట్‌తో ఇది తెలియదు, ఈసీ మీటర్ కావాలి. నీళ్లలో కరెంటు ఎంత పారుతుందో చూసి కరిగిన ఉప్పు ఎంతో చెప్పేది అది. వేళ్ల లోతు నుంచి మట్టి తీసి, నీడలో ఆరబెట్టి జల్లించి, ఒక వంతు మట్టికి రెండు వంతుల డిస్టిల్డ్ వాటర్ కలిపి అరగంట తర్వాత చూడాలి. కుళాయి నీళ్లతో కలిపితే వాటి ఉప్పు కూడా లెక్కలోకి వస్తుంది. మీటర్ అంకె (dS/m కొలతలో) ఒకటి లోపు ఉంటే భయం లేదు. నాకు 2.3 వచ్చింది. పుస్తకాల్లో నాలుగు దాటితేనే చౌడు అని ఉంటుంది గానీ, అది మట్టిని ముద్దగా తడిపి తీసిన నీటి లెక్క, మన పల్చటి నీళ్లలో అంకె తక్కువే చూపిస్తుంది, దాన్ని చూసి ధైర్యపడొద్దు.

ఉప్పు ఎరువుతోనే రాలేదు. మా కుళాయికి వచ్చేది సాఫ్ట్‌నర్, అంటే నీటి కఠినత్వం తగ్గించే యంత్రం, దాటిన బోరు నీళ్లు. ఆ యంత్రం కాల్షియం, మెగ్నీషియం తీసి సోడియం వదులుతుంది, మొత్తం ఉప్పు తగ్గదు. ఆర్వో వదిలే నీళ్లయితే మరీ ఉప్పు, వృథా ఎందుకని మనమంతా మొక్కలకే పోస్తాం.

కుండీల కింద పళ్లాలు తీసేసి, పట్టి ఉంచిన వాన నీళ్లు మట్టికి రెట్టింపు కొలతలో మెల్లగా పోశాను. రెండోసారికి 0.8కి దిగింది, బీన్స్ మళ్లీ మొలిచాయి.

రైతులకు ప్రభుత్వం 2015 నుంచి మట్టి పరీక్ష చేసి ఇస్తున్న సాయిల్ హెల్త్ కార్డులోని 12 అంశాల్లో ఈసీ కూడా ఉంది. మిద్దెతోటల వాళ్లకు ఆ మాట చెప్పేది మీ శీర్షికే, దయచేసి ఎరువుల మోతాదుతో పాటు ఈ పరీక్ష కూడా వేయండి.

- ఒక పాఠకురాలు, మారతహళ్లి, బెంగళూరు