నల్ల అద్దం మీద నంబరు లేదు

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

విషయం: ఆగస్టు 12న కొన్న 200 ఆంపియర్ల ఇన్వర్టర్ వెల్డింగ్ మిషను, ‘కొత్తగా నేర్చుకునేవారి కిట్’ గురించి ఫిర్యాదు.

అయ్యా,

మీవాళ్లకి మూడుసార్లు ఫోన్ చేశాను. చేసిన ప్రతిసారీ కొత్త మనిషి ఎత్తి మొదటినుంచీ చెప్పమన్నారు. అందుకే ఈసారి రాసి పంపుతున్నాను.

నేను తెనాలి దగ్గర పాడి రైతుని. ఎనిమిది గేదెలున్నాయి. కొట్టం గేటు, గడ్డి తొట్టి పట్టీలు, కల్టివేటర్ కొర్రులు అంటూ ఏడాదికి పదిసార్లయినా వెల్డింగ్ షాపుకి మోసుకెళ్లాలి. దుక్కుల కాలంలో అక్కడ ట్రాక్టర్లు బారులు తీరి ఉంటాయి. చిన్నాచితకా పనులు నేనే చేసుకుందామని రూ. 6,850 పెట్టి మీ కిట్ కొన్నాను. మిషను, హోల్డరు, ఎర్త్ క్లాంపు, చేతి షీల్డు (ముఖానికి అడ్డం పట్టుకునే నల్ల అద్దం పలక), గ్లౌజులు, చిప్పింగ్ సుత్తి, ఒక కట్ట 10 నంబరు రాడ్లు. 17న ఇంటికొచ్చింది.

రాడ్ గీకితే నాలుగు రవ్వలు వచ్చేవి, మరుక్షణం ఇనుముకి అతుక్కుపోయేది. ఊడబెరికితే కొసన పూత పెళ్లగా రాలేది. ఎలాగో వెలిగించి రెండంగుళాలు లాగినా, పైన కట్టిన పెళుసు పొర (స్లాగ్) కొట్టి చూస్తే బల్లిగుడ్లు వరసగా పెట్టినట్టు పైపైన బొట్లే. సుత్తితో ఒక్కటి వేస్తే రెండు పట్టీలు చెరో పక్కకి పడేవి. మూడు వారాలు ఇదే తంతు. నా చెయ్యే పనికిరాదనుకున్నాను. వీడియోలు చూశాను. రాత్రిపూట మంచం మీద కూర్చుని చీపురుపుల్లతో గీకడం ప్రాక్టీసు చేశాను. మా ఆవిడ నవ్వి ఊరుకుంది.

చివరికి మా ఊరి వెల్డింగ్ మేస్త్రీని పిలిచాను. ముప్పై ఏళ్లుగా అదే పని ఆయనకి. ఆయన గీకినా అతుక్కుపోయింది! రాడ్ అటూఇటూ తిప్పి చూసి, తన సంచిలోంచి దానికన్నా సన్నటి 12 నంబరు రాడ్ తీసి పెట్టాడు. అది వెలిగింది. “ఒరే అబ్బాయ్, నీ చెయ్యి కాదురా. 10 నంబరు రాడ్‌కి నూరు ఆంపియర్లకి అటూఇటూగా కరెంటు కావాలి. ఇది అంత ఇవ్వట్లేదు” అన్నాడు. మోటార్లు బాగుచేసే కుర్రాడి దగ్గర కరెంటు కొలిచే డీసీ క్లాంప్ మీటర్ తెచ్చి, మేస్త్రీ వెల్డింగ్ చేస్తుంటే కేబుల్‌కి తగిలించాం. డయల్ 120 దగ్గర పెడితే మీటర్లో 68. చివరిదాకా, అంటే 200కి తిప్పితే 94. డయల్ చుట్టూ అంకెలు మాత్రం చాలా అందంగా అచ్చు వేశారు.

ఇది చెప్తే మీ సిబ్బంది “మీ ఊళ్లో వోల్టేజీ తక్కువ సార్” అన్నారు. వెల్డింగ్ జరుగుతుండగా ప్లగ్ దగ్గర 214 వోల్టులు ఉంది, ఫోటో జత చేశాను. మీ ప్రకటనలో 160 వోల్టులకే పనిచేస్తుందని ఉంది. దాని స్క్రీన్‌షాట్ కూడా జత చేశాను.

మిషను సంగతి డబ్బుతో పోయేది. షీల్డు సంగతి అలా కాదు. ఈ పనికి 10 లేదా 11 నంబరు అద్దం ఉండాలట. అద్దం ఎంత నల్లదో చెప్పే ఆ నంబరు మూలనే రాసి ఉంటుంది. మీ అద్దం మీద నంబరు లేదు, గుర్తు లేదు, ఏమీ లేదు. మేస్త్రీ అద్దంలోంచి మా వరండాలో చూస్తే చీకటే. మీ అద్దంలోంచి చూస్తే ట్యూబ్‌లైటు కింద క్యాలెండర్లో తేదీలు చదవగలిగాను. మొదట్లో ఇంత బాగా కనపడుతోందేమిటా అని సంతోషించాను కూడా, నా తెలివి అంత! పైగా ఆ అద్దం చట్రంలో సరిగ్గా కూర్చోదు. ఎడమపక్కన వేలిగోరు పట్టేంత సందు.

ఆగస్టు 24న సాయంత్రం గంటసేపు పని చేశాను. అప్పుడేమీ తెలియలేదు. రాత్రి ఒంటిగంటకి కళ్లలో గుప్పెడు ఇసుక పోసినట్టు మెలకువ వచ్చింది. రెప్ప తెరవలేను, మూస్తే ఇంకా మంట, ఒకటే నీళ్లు. మా ఆవిడ తడిగుడ్డ వేసి తెల్లవార్లూ కూర్చుంది. పొద్దున పాలు తనే పితికింది. కంటి డాక్టరు వెల్డింగ్ మంట (ఆర్క్) వెలుగు తగిలిందని చెప్పి చుక్కల మందు రాశారు. రెండు రోజులకి తగ్గింది. దానిమీద మీవాళ్లు పంపిన జవాబు ఒక్క వాక్యం: “దయచేసి భద్రతా జాగ్రత్తలు పాటించండి.” మీరు ఇచ్చిన షీల్డే కదండీ నేను పట్టుకుంది?

కేబుల్ గురించి కూడా రాయాలి. ప్రకటనలో ‘పూర్తి రాగి’ అని ఉంది. హోల్డరు దగ్గర చేయి పెట్టలేనంత వేడెక్కుతుంటే కొస ఒలిచి ఒక పోగుని బ్లేడుతో గీశాను. పైన రాగిరంగు, లోపల తెల్లటి అల్యూమినియం. గ్లౌజుల గురించి చెప్పను, అవి మొక్కలకి నీళ్లు పోసుకోవడానికి పనికొస్తాయి.

మీ పుస్తకం పూర్తిగా ఇంగ్లీషులోనే ఉంది. పదో తరగతి చదివిన మా అమ్మాయి చేత చదివించుకున్నాను. జింకు పూత ఉన్న జీఐ పైపు మీద వెల్డింగ్ చేస్తే వచ్చే తెల్లపొగ పీలిస్తే రాత్రికి చలిజ్వరం వస్తుందని మేస్త్రీ చెప్తే తెలిసింది. మీ పుస్తకంలో ఆ ముక్క లేదు. పని తెలిసినవాడైతే ఆ అద్దం చూడగానే పక్కన పడేస్తాడు. మీరు ఏరి కోరి ఏమీ తెలియనివాళ్లకి అమ్ముతున్నారు. వాళ్లు నాలాగే తమ చేతినే తిట్టుకుంటారు.

వాపసు గడువు ఏడు రోజులే, అది దాటిపోయిందంటున్నారు. ప్రకటనలో చెప్పిన సరుకు పంపనప్పుడు ఆ గడువు ఏమిటి? నాకు రూ. 6,850 పూర్తిగా తిరిగి ఇవ్వాలి, మిషను మీ ఖర్చుతో తీసుకెళ్లాలి. కంటి వైద్యానికి అయిన రూ. 640 ఇవ్వాలి, బిల్లు జత చేశాను. ఇదే కిట్ కొన్నవాళ్లందరికీ షీల్డు వాడొద్దని మెసేజ్ పంపి, నంబరున్న అద్దాలు ఉచితంగా పంపాలి. డబ్బు నాలుగు రోజులు ఆలస్యమైనా ఫరవాలేదు, మెసేజ్ మాత్రం ఈ వారమే వెళ్లాలి.

2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఈ ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలపాలి, నెలలోపు పరిష్కరించాలి. లేకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తాను, ఆపైన జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను. ఇంత చిన్న మొత్తానికి అక్కడ ఫీజు కూడా లేదు.

మిషను మీ అట్టపెట్టెలోనే సర్ది ఉంచాను. అద్దం, ఒలిచిన కేబుల్ ముక్క మాత్రం నా దగ్గరే ఉంటాయి, అవి సాక్ష్యం. తీసుకెళ్లే మనిషిని పంపేటప్పుడు ముందురోజే చెప్పండి. పొద్దున 5 నుంచి 7 దాకా, సాయంత్రం 4 నుంచి 6 దాకా పాల కేంద్రం దగ్గర ఉంటాను, ఫోన్ ఎత్తను.

ఇట్లు,
మీ కిట్ కొన్న పాడి రైతు