అమెరికా తరహా సమాఖ్య ఉండి ఉంటే తెలంగాణ వచ్చేదా?

సంపాదకులు గారికి,

నియోజకవర్గాల పునర్విభజన చర్చ మొదలైనప్పటి నుంచి మన దేశానికి అమెరికా తరహా సమాఖ్య కావాలన్న మాట మీ పత్రికలోనూ, హనుమకొండలో జరిగే సభల్లోనూ తరచుగా వినిపిస్తోంది. అక్కడివి నిజమైన రాష్ట్రాలని, మనవి ఢిల్లీ దయ మీద బతికే జిల్లా పరిషత్తులని ఈ మధ్య ఒక వక్త అంటే చప్పట్లు మోగిపోయాయి. నేను కొట్టలేదు. ఆ వేదిక మీద ఉన్నవాళ్లలో కొందరు 2011లో సకల జనుల సమ్మెలో మా ఆర్టీసీ కార్మికులతో పాటు రోడ్డు మీద కూర్చున్నవాళ్లే. అమెరికా రాజ్యాంగంలోని నియమమే ఇక్కడ ఉండి ఉంటే ఆ సమ్మె, ఆ లాఠీదెబ్బలు, ఆ బలిదానాలు అన్నీ ఉమ్మడి శాసనసభ గడప దగ్గరే ఆగిపోయేవని వాళ్లకు ఎవరూ చెప్పినట్టు లేదు.

ఆ రాజ్యాంగంలో నాలుగో అధికరణ, మూడో సెక్షన్ చూడండి. ఒక రాష్ట్రం హద్దుల్లో కొత్త రాష్ట్రం పుట్టాలన్నా, రెండు రాష్ట్రాలు కలిసి ఒకటి కావాలన్నా సంబంధిత రాష్ట్రాల శాసనసభలు ఒప్పుకోవాలి, ఆపైన కాంగ్రెస్ (అంటే అక్కడి పార్లమెంటు) కూడా ఒప్పుకోవాలి. మన మూడో అధికరణ దారి వేరు. రాష్ట్రపతి బిల్లును శాసనసభకు పంపి, గడువు పెట్టి అభిప్రాయం అడుగుతారు. ఆ అభిప్రాయానికి పార్లమెంటు కట్టుబడి ఉండాల్సిన పని లేదని బొంబాయి రాష్ట్ర విభజన కేసులో సుప్రీంకోర్టు 1959లోనే తేల్చింది. మన సంగతికొస్తే, 2014 జనవరి 30న ఉమ్మడి శాసనసభ మూజువాణి ఓటుతో విభజన బిల్లును తిప్పికొట్టింది. అయినా ఫిబ్రవరి 18న లోక్‌సభ, 20న రాజ్యసభ ఆమోదించాయి. జూన్ 2న రాష్ట్రం వచ్చింది. అదే అమెరికాలో అయితే జనవరి 30 సాయంత్రానికే కథ ముగిసేది.

అక్కడ రాష్ట్రాలు విడిపోలేదా అంటే విడిపోయాయి. వర్జీనియా ఒప్పుకుంటే 1792లో కెంటకీ, మసాచుసెట్స్ ఒప్పుకుంటే 1820లో మెయిన్ వచ్చాయి. 1863లో వెస్ట్ వర్జీనియా వచ్చిన తీరు మాత్రం వింత. అంతర్యుద్ధంలో వర్జీనియా దేశాన్ని వదిలి వెళ్లిపోతే, పడమటి కౌంటీల (మన జిల్లాల వంటివి) వాళ్లు వీలింగ్ పట్టణంలో కూర్చుని అసలైన వర్జీనియా ప్రభుత్వం తమదేనన్నారు. ఆ హోదాలో తమ విభజనకు తామే సమ్మతి ఇచ్చుకున్నారు. అధ్యక్షుడు లింకన్ సంతకం పెట్టాడు. ఆ తర్వాత ఒక రాష్ట్రాన్ని చీల్చి మరో రాష్ట్రం చేసిన సందర్భం అక్కడ లేదు. రాష్ట్రం ఒప్పుకోకపోతే, యుద్ధం వస్తే తప్ప కదలని తాళం అది.

మన పెద్దలకు ఇది తెలియక కాదు. 1948 నవంబరులో రాజ్యాంగ సభలో కె.టి. షా ఒక సవరణ తెచ్చారు. కొత్త రాష్ట్రం ప్రతిపాదన సంబంధిత రాష్ట్ర శాసనసభ నుంచే రావాలన్నది దాని సారాంశం. మద్రాసుకు చెందిన కె. సంతానం అడ్డుపడ్డారు. మద్రాసు రాష్ట్రాన్నే తీసుకోండి, ఆంధ్రులు విడిపోతామని శాసనసభలో తీర్మానం పెడితే మెజారిటీ దాన్ని ఓడిస్తుంది, ఇక వాళ్లకు దారే ఉండదు అన్నది ఆయన వాదన. ఆంధ్రుల కోసం చెప్పిన ఆ మాట అరవై ఐదేళ్ల తర్వాత తెలంగాణకు అక్కరకు వచ్చింది. మన ఉద్యమ సభల్లో సంతానం గారి పేరు నేనెన్నడూ వినలేదు. పార్కుల్లో, కూడళ్లలో ఇన్ని విగ్రహాలు పెట్టుకున్నాం కదా, ఆయన పేరున ఒక వీధి బోర్డైనా పెట్టవచ్చు.

నాణేనికి రెండో వైపూ ఉంది. 1955లో రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ కోసం వేసిన ఫజల్ అలీ కమిషన్ తెలంగాణను హైదరాబాద్ రాష్ట్రంగా విడిగానే ఉంచమంది. 1961 ప్రాంతంలో జరిగే ఎన్నికల తర్వాత ఆ రాష్ట్ర శాసనసభ మూడింట రెండు వంతుల మెజారిటీతో కోరుకుంటే అప్పుడు ఆంధ్రతో కలపవచ్చంది. ఆ పరీక్ష జరగనే లేదు. పెద్దమనుషుల ఒప్పందం రాసుకుని 1956 నవంబరు 1న కలిపేశారు. శాసనసభ సమ్మతి తప్పనిసరి అని ఉండి ఉంటే ఆ రోజు కనీసం ఒక ఓటింగైనా జరిగేది. కాబట్టి ఆ తాళం 1956లో మనకు కాపలా కాసేదేమో. 2014లో మాత్రం మనల్ని లోపలే బంధించేది.

అమెరికాను చిన్నబుచ్చాలని ఇదంతా రాయడం లేదు. మా అమ్మాయి డెలావేర్ రాష్ట్రంలో ఉంటుంది. వెళ్లినప్పుడు అక్కడ కొన్నాళ్లు ఉన్నాను. కండక్టరుగా పని చేసినవాడికి బండ్ల నంబర్లు, చిల్లర లెక్కలు కంటబడకుండా పోవు. అక్కడి కార్ల నంబరు పలకల మీద ‘మొదటి రాష్ట్రం’ అని రాసి ఉంటుంది. 1787 డిసెంబరు 7న కొత్త రాజ్యాంగాన్ని అందరికన్నా ముందు ఆమోదించింది తామేనని ఇప్పటికీ అంత గర్వం. మూడే మూడు కౌంటీల రాష్ట్రం, పది లక్షలకు కాస్త పైన జనం. అక్కడి దుకాణంలో వస్తువు మీద ఎంత రాసి ఉంటే అంతే ఇచ్చి రావచ్చు, అమ్మకం పన్ను లేదు. కారులో గంట లోపే ఫిలడెల్ఫియా. అక్కడ ఫోను చార్జరు కొంటే రాసిన ధర మీద 8 శాతం కలిపి బిల్లు చేతిలో పెట్టారు. ఆ పన్ను ఎందుకు లేదని డెలావేర్ వాళ్లను వాషింగ్టన్ అడగదు, ఎందుకు ఉందని పెన్సిల్వేనియా వాళ్లనూ అడగదు. జీఎస్టీ మండలిలో కేంద్రానికి మూడో వంతు ఓటు బలం, నిర్ణయానికి నాలుగింట మూడు వంతులు కావాలన్న షరతు చూశాక, ఆ స్వేచ్ఛ మీద నాకూ ఆశ పుట్టింది. దాచుకోను.

ఫిలడెల్ఫియాలో రాజ్యాంగం రాసిన గదిని కూడా చూపించారు. పచ్చ గుడ్డ పరిచిన చిన్న చిన్న బల్లలు, జార్జి వాషింగ్టన్ కూర్చున్న కుర్చీ వీపు మీద చెక్కిన సగం సూర్యుడు. అంత చిన్న గదిలో ఎంత గొడవ జరిగిందో తర్వాత చదివాను. జనాభాను బట్టే రెండు సభల్లోనూ సీట్లు ఉండాలని పెద్ద రాష్ట్రాలు పట్టుబట్టాయి. డెలావేర్ ప్రతినిధి గన్నింగ్ బెడ్‌ఫర్డ్ 1787 జూన్ 30న లేచి, మీరు మమ్మల్ని మింగాలని చూస్తే మా చెయ్యి పట్టుకునే విదేశీ మిత్రులు దొరక్కపోరని మొహం మీదే అన్నాడు. మన దగ్గర ఈ మాట అంటే దేశద్రోహం కేసు పెడతారు. అక్కడ మాత్రం బేరం కుదిరింది. జూలై 16న అయిదు రాష్ట్రాలు అవునని, నాలుగు కాదని ఓటేశాయి, మసాచుసెట్స్ చీలిపోయింది. ప్రతినిధుల సభలో జనాభా లెక్క, సెనేట్‌లో రాష్ట్రానికి ఇద్దరు. నాలుగు కోట్లకు కొంచెం తక్కువ జనం ఉన్న కాలిఫోర్నియాకూ ఇద్దరే, మన వరంగల్ నగరమంత జనం కూడా లేని వయోమింగ్‌కూ ఇద్దరే. ఒక రాష్ట్రం ఒప్పుకోనిదే దాని ఈ సమాన హక్కును రాజ్యాంగ సవరణతో కూడా తీసేయలేరు. అదే గదిలో బానిసలను అయిదింట మూడు వంతుల మనుషులుగా లెక్కవేసిన ఒప్పందం కూడా కుదిరిందని మన వ్యాసకర్తలు రాయరు.

మన రాజ్యసభలో తెలంగాణకు 7 సీట్లు, ఉత్తరప్రదేశ్‌కు 31. పైగా 2003 సవరణ తర్వాత ఏ రాష్ట్రం నుంచి ఎన్నికైతే ఆ రాష్ట్రంలో నివాసం ఉండాలన్న నిబంధన కూడా పోయింది. అమెరికా సెనేటర్ ఎన్నికయ్యేనాటికి ఆ రాష్ట్ర నివాసి అయి ఉండాలి. లోక్‌సభ సీట్లు జనాభాను బట్టి మారితే దక్షిణాది గొంతు పడిపోతుందని భయపడేవాళ్లు అడగవలసింది ఈ రాజ్యసభ గురించి. ‘అమెరికా తరహా’ అని గంపగుత్తగా అడిగితే సంతానం గారు వద్దన్న ఆ తాళం కూడా దానితో పాటే వస్తుంది.

మూడో అధికరణలో నాకు నచ్చనిది ఒకటుంది. 2019 ఆగస్టులో జమ్మూ కశ్మీర్‌ను రెండు కేంద్రపాలిత ప్రాంతాలుగా మార్చినప్పుడు అక్కడ శాసనసభే లేదు, అంతకు ముందు ఏడాదే రద్దయింది. దాని తరఫున పార్లమెంటే అభిప్రాయం చెప్పుకుంది. 2014లో మనకు ఎదురు నిలిచినవాళ్లు శాసనసభలో వారాల తరబడి మాట్లాడారు, గడువు చాలదంటే మరో వారం పొడిగించారు. వాళ్లు చెప్పింది నాకు రుచించలేదు, కానీ చెప్పే చోటు వాళ్లకు ఉండింది. ఎన్నికైన శాసనసభ లేనప్పుడు ఏ రాష్ట్రం హద్దులూ, హోదా మార్చరాదని మూడో అధికరణలో ఒక్క వాక్యం చేర్చమని మన ఎంపీలు అడగాలి. మన రాష్ట్రం ఆ అధికరణ వల్లే వచ్చింది కాబట్టి ఆ సవరణ బిల్లు పెట్టవలసింది తెలంగాణ ఎంపీలే.

ఇట్లు,
ఒక విశ్రాంత ఆర్టీసీ కండక్టరు,
హనుమకొండ.