ఆ చేతులు ఆన్ టాడ్‌వి కావు

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో 1945 నాటి బ్రిటిష్ సినిమా ‘ద సెవెన్త్ వీల్’ గురించి చదివాను. అంత పాత సినిమాకి ఒక పేజీ ఇచ్చినందుకు సంతోషం. కానీ రెండు విషయాలు చెప్పకుండా ఉండలేకపోతున్నాను.

హీరోయిన్ ఆన్ టాడ్ పియానో అద్భుతంగా వాయించిందని రాశారు. దగ్గరగా చూపించే ఆ చేతులూ, మనకు వినబడే ఆ వాద్యమూ ఐలీన్ జాయిస్‌వి. ఆస్ట్రేలియాలో పుట్టిన పెద్ద పియానిస్టు ఆవిడ. అప్పుడు టైటిల్స్‌లో ఆవిడ పేరు వెయ్యలేదు. ఎనభై ఏళ్ల తర్వాత మీరూ వెయ్యకపోతే ఎలాగండీ?

రెండోది, దాన్ని ‘గొప్ప ప్రేమకథ’ అన్నారు. తల్లీతండ్రీ లేని పద్నాలుగేళ్ల ఫ్రాన్సెస్కా (ఆన్ టాడ్ పాత్ర) దూరపు బంధువు నికొలస్ ఇంటికి వస్తుంది. రోజూ గంటల తరబడి సాధన చేయిస్తాడు. కొన్నేళ్లకు ఆమె ఒక సంగీత విద్యార్థిని ఇష్టపడితే, నీకింకా ఇరవై ఒకటి నిండలేదని పారిస్ తీసుకుపోతాడు. (ఇంగ్లండ్‌లో మేజర్ అయ్యే ఆ వయసు 18కి తగ్గింది 1970లో.) తర్వాత ఒక చిత్రకారుడితో వెళ్లిపోతానంటే, పియానో మీదున్న ఆమె వేళ్ల మీదే చేతికర్రతో కొడతాడు.

నేను ముప్పై ఏళ్లకు పైగా వీణ నేర్పాను. నాన్న పోయాక పెదనాన్న దగ్గర పెరిగాను. తప్పు వాయిస్తే ఆయన గొడుగు కర్రతో పక్కనున్న పీట మీద టక్కున కొట్టేవారు. ఒకరోజు భైరవి వర్ణం వాయిస్తుంటే ఆ దెబ్బ పీటకు బదులు నా ఎడమ చూపుడు వేలికి తగిలింది. తీగ ఒరిసి పడ్డ గాడి పక్కనే ఆ మచ్చ ఇంకా ఉంది. పసుపు రాసిందీ ఆయనే. ‘ఆ దెబ్బలవల్లే నీకు విద్య వచ్చింది’ అని మా వాళ్లు ఇప్పటికీ అంటారు. నాకైతే చాలాకాలం భైరవి అంటేనే టెన్షన్.

సినిమా చివర, ఇక వాయించలేననుకున్న ఆమెకు మానసిక వైద్యుడి చికిత్స ఫలించి ఫ్రాన్సెస్కా మేడ దిగి వస్తుంది. కింద ఆ మగవాళ్లు ముగ్గురు – నికొలస్, విద్యార్థి, చిత్రకారుడు – ఎవరి దగ్గరికి వెళ్తుందా అని చూస్తుంటారు. నికొలస్ దగ్గరికే వెళ్తుంది. ముగ్గురూ వద్దనే దారి ఆ కథలో లేదు. ఆ స్క్రిప్టుకే ఆస్కార్ ఇచ్చారు! నికొలస్‌గా వేసిన జేమ్స్ మేసన్ గొంతు వింటుంటే నికొలస్ మీద నాకూ జాలేస్తుంది. అసలు చిక్కంతా అక్కడే.

సవరణ వేస్తే ఐలీన్ జాయిస్ పేరు మాత్రం అచ్చుతప్పు లేకుండా వెయ్యండి.

– ఒక రిటైర్డ్ వీణ టీచర్, కాకినాడ