బండిలో పెట్టుకుంటామని చెప్పే కొన్నాం

నల్లగొండ,
నవంబరు 28.

వినియోగదారుల సేవా విభాగం మేనేజర్ గారికి,

విషయం: ప్రయాణపు బండిలో పనికిరాని వాషర్ డ్రయ్యర్‌ను పనికొస్తుందని చెప్పి అమ్మడం, చెడిపోయాక బండిలో పెట్టినందుకే వారంటీ వర్తించదనడం.

అయ్యా,

దసరాకు వారం ముందు నల్లగొండలోని మీ షోరూంలో ఉతకడం, ఆరబెట్టడం రెండూ చేసే యంత్రం ఒకటి 64,500 రూపాయలకు కొన్నాను. బిగించినందుకు మరో 3,500 తీసుకున్నారు. ఆ యంత్రం మొత్తం నాలుగుసార్లు ఉతికింది. ఇప్పుడు మూలన పడి ఉంది. మీ ఫోను కేంద్రానికి రెండుసార్లు ఫిర్యాదు చేస్తే, రెండుసార్లూ 'సమస్య పరిష్కారమైంది' అని సందేశం పంపి చేతులు దులుపుకున్నారు. అందుకే మొదటి నుంచీ జరిగినదంతా కాగితం మీద పెడుతున్నాను.

నేను ఉన్నత పాఠశాలలో భౌతిక శాస్త్రం చెప్పి పదవీ విరమణ చేశాను. వచ్చిన డబ్బులో కొంత పెట్టి పాత టెంపో ట్రావెలర్ ఒకటి కొని, అనుమతులు తీసుకుని, లోపల రెండు మంచాలు, చిన్న వంటగట్టు, స్నానాల గది కట్టించాను. షికార్లు తిరగాలని కాదు. మా అమ్మకు 84 ఏళ్లు. శ్రీశైలం, అలంపురం, ఓపిక ఉంటే కాశీ కూడా చూడాలని ఆమె కోరిక. రెండేళ్లుగా ఆమెకు మూత్రం మీద అదుపు లేదు. రోజుకు రెండు దుప్పట్లు, రెండు మూడు చీరలు, కింద పరిచే గుడ్డలు మార్చాలి. సత్రాల్లో, బంధువుల ఇళ్లలో ఆ దుప్పట్లు ఎవరైనా చూస్తారేమోనని ఆమె ప్రయాణాలే మానుకుంది. ఈ సంగతి మీకు రాయడానికి అమ్మను అడిగే రాస్తున్నాను. "రాయి నాయనా, ఇంకొకరికి ఇట్లా కావద్దు" అంది.

కాబట్టి మాకు యంత్రం కావలసింది సోకుకు కాదు. అదే మాట మీ షోరూంలో చెప్పాను. బండి ఫొటోలు ఫోనులో చూపించాను. నీళ్ల ట్యాంకు 120 లీటర్లని, బ్యాటరీలు 150 ఆంపియర్ అవర్లవి రెండని, పైన 400 వాట్ల సోలార్ పలక ఉందని, ఇన్వర్టర్ 3 కేవీఏదని కాగితం మీద రాసిచ్చాను. నేను అడిగింది ఒకటే: ఉతికేది వేరుగా, ఆరబెట్టేది వేరుగా కొనాలా, రెండూ ఒకటిగా ఉన్నది కొనాలా, లేక రెండు తొట్ల సెమీ ఆటోమేటిక్ చాలా? మీ సేల్స్ అబ్బాయి ఆ కాగితం వైపు చూడనైనా చూడలేదు. "సార్, బండిలో జాగా తక్కువ కదా, రెండూ ఒకటిగా ఉన్నదే బెస్టు, ఇన్వర్టర్ మీద హాయిగా నడుస్తుంది" అన్నాడు. రశీదు వెనక 'బండిలో అమర్చడానికి' అని అతని చేతే రాయించుకున్నాను. ఆ రశీదు నకలు ఈ లేఖకు జతచేశాను.

యంత్రం బిగించడానికి ఇద్దరు వచ్చారు. డెబ్బై కిలోల బరువును ఇద్దరే మోయబోయి మా గుమ్మం చెక్క గీసేశారు. అది పెద్ద విషయం కాదు. పెద్ద విషయం, యంత్రం వెనక ఉండే నాలుగు బోల్టులు. ఉతికే డ్రమ్ము స్ప్రింగుల మీద వేలాడుతూ, కింద ఊపును అణిచే డ్యాంపర్ల ఆసరాతో ఉంటుంది. రవాణాలో అది ఊగకుండా ఫ్యాక్టరీలో ఆ నాలుగు బోల్టులు బిగించి పంపుతారు. వాడే ముందు తీయాలి, మళ్లీ కదిలించేటప్పుడు పెట్టాలి. మీ మనుషులు వాటిని తీసి సంచిలో వేసుకుని వెళ్లిపోయారు. ఇంట్లో ఒక మూలన ఉండే యంత్రానికైతే సరే. ఇది రోజూ గుంతల రోడ్డు మీద తిరిగే బండి. బోల్టులు మాకు ఇచ్చి, 'బయల్దేరే ముందు ఇవి పెట్టండి, ఆగాక తీయండి' అని ఒక్క మాట చెప్పి ఉంటే ఈ ఉత్తరం సగమైపోయేది.

ఇంటి ముందు బండి నిలిపి, గోడ ప్లగ్గుకు తగిలించి మూడుసార్లు వాడాం. బాగానే ఉతికింది, బాగానే ఆరబెట్టింది. ఆ మాట దాచను. నాలుగు గంటలు పట్టినా దుప్పట్లు పొడిగా, వెచ్చగా వచ్చాయి. అమ్మ ఒక దుప్పటిని చెంపకు ఆనించుకుని చూసింది. ఆ ధైర్యంతోనే కార్తీకంలో శ్రీశైలం బయల్దేరాం.

దేవరకొండ, డిండి దాటి మన్ననూరు చేరేసరికి రాత్రి తొమ్మిది దాటింది. అమ్రాబాద్ పులుల అభయారణ్యంలోకి రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఆరు దాకా బండ్లను వదలరు. చెక్‌పోస్టుకు ఇవతలే ఆగాం. అమ్మ పక్క తడిసింది. కార్తీక మాసపు మంచులో, అడవి అంచున, బయట ఆరేస్తే తెల్లవారినా తడి ఆరదు. ఇలాంటి రాత్రి కోసమే కదా కొన్నది అనుకుని యంత్రం వేశాం. ఉతకడం అయింది. ఆరబెట్టడం మొదలైన నలభై నిమిషాలకు ఇన్వర్టర్ కుయ్యిమంటూ ఆగిపోయింది. లైట్లు పోయాయి, ఫ్యాను పోయింది, నీళ్ల మోటారు పోయింది. డ్రమ్ము వేడిగా ఉన్నందున తలుపు తాళం వీడలేదు. టార్చి వేస్తే మసకబారిన అద్దం వెనక అమ్మ చీర అంచు కనిపిస్తోంది, చెయ్యి పెట్టి తీసే దారి లేదు. నా భార్య యంత్రంతో వచ్చిన మీ పుస్తకం పేజీలు తిప్పి తిప్పి, కింద ఫిల్టరు మూత వెనక చిన్న తాడు ఉంటుందని, అది లాగితే తలుపు తెరుచుకుంటుందని కనిపెట్టింది. అప్పటికి అర్ధరాత్రి దాటింది. చేతికి వచ్చినవి ఆవిరి కక్కుతున్న తడి బట్టలు. తెల్లవార్లూ అమ్మ నా భార్య శాలువా కప్పుకుని కూర్చుంది. "నా వల్లనే" అని ఆమె అన్న మాట నేను మరిచిపోలేను.

ఇందులో వింత ఏమీ లేదు. గ్రాము నీరు ఆవిరి కావడానికి 540 కెలోరీలు కావాలని పదో తరగతి పిల్లలకు ఏటా చెప్పినవాణ్ణి. ఎంత బాగా పిండినా నాలుగు కిలోల నూలు బట్టల్లో రెండు లీటర్ల నీళ్లు మిగులుతాయి. అది ఆవిరి కావడానికే ఒకటింపావు యూనిట్ కరెంటు కావాలి. డ్రమ్ము వేడెక్కడానికి, వృథా అయ్యేదానికి కలిపి లెక్కేస్తే దాదాపు రెట్టింపు. నా రెండు బ్యాటరీల్లో ఉండేదే కాగితం మీద 3.6 యూనిట్లు. సీసం బ్యాటరీలు పాడుకాకుండా ఉండాలంటే అందులో సగమే వాడాలి. మీ యంత్రంలో హీటరు 2,000 వాట్లు. అంటే గంటైనా నడవదు. సోలార్ పలక పొద్దంతా ఎండలో ఉన్నా ఒక్క విడత బట్టలు ఆరవు. ఈ లెక్క కొనేముందే నేను ఎందుకు వేయలేదని మీరు అడగవచ్చు. హీటరు ఎన్ని వాట్లని మీ అబ్బాయిని అడిగాను. "ఫైవ్ స్టార్ సార్, కరెంటు తక్కువే" అన్నాడు. ఆ నక్షత్రాలను నమ్మడమే నేను చేసిన తప్పు.

నీళ్ల సంగతి ఇంకా అన్యాయం. మీ యంత్రం వేడి ఆవిరిని చల్లబరచడానికి చన్నీళ్లు వాడుతుందట. అంటే ఆరబెట్టడానికి కూడా నీళ్లు తాగుతుంది! ఉతకడానికి అరవై లీటర్లు పోయాక, ఆరబెట్టేటప్పుడు ట్యాంకులో ముల్లు ఇంకా దిగుతుంటే ఎక్కడో కారుతోందనుకుని బండి కిందకు దూరి వెతికాను. ఉదయం అమ్మ స్నానానికి ఒక బకెట్ నీళ్లు మిగల్లేదు. పొద్దున్నే మన్ననూరులో ఒక ఇల్లాలు రెండు బిందెలు ఇచ్చింది.

ఘాట్ రోడ్డులో ఈగలపెంట, దోమలపెంట మలుపుల వెంట యంత్రంలో డ్రమ్ము ధన్ ధన్ మని కొట్టుకుంటూనే వచ్చింది. ఆగి చూద్దామంటే ఏం చూడాలో తెలియదు. ఇంటికి వచ్చాక గోడ ప్లగ్గుకు పెట్టి వేస్తే, పిండే దశ రాగానే యంత్రం జాగా వదిలి ముందుకు నడిచింది. మీ మెకానిక్ వెనక రేకు విప్పాడు. ఒక డ్యాంపర్ విరిగింది, ఒక స్ప్రింగు కొక్కెం నుంచి ఊడింది. బోల్టులు లేకుండా ఘాట్ ఎక్కి దిగిన ఫలితమది, చూస్తేనే తెలుస్తుంది. కానీ ఆయన రాసుకున్న కారణం వేరు: 'నల్లగొండ నీళ్లు'.

ఈ మాట నాకు చాలా బాధ కలిగించింది. మా నీళ్లలో ఫ్లోరైడ్ నిజమే. నడుములు వంగిపోయిన మనుషుల మధ్య పెరిగినవాణ్ణి, నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. పటికతో, సున్నంతో ఫ్లోరైడ్ తీసే పద్ధతికి మా జిల్లా పేరే పెట్టారు. కానీ ఫ్లోరైడ్ వేరు, నీటి కాఠిన్యం వేరు. యంత్రాల హీటర్ల మీద తెల్లటి పొలుసు కట్టేది కాల్షియం, మెగ్నీషియం లవణాల వల్ల. అదీ నెలల తరబడి వాడితే. నాలుగు ఉతుకులకు కాదు. పైగా మా ట్యాంకులో పోసింది ఇంటికి వచ్చే మిషన్ భగీరథ నీళ్లు. నీళ్లకు ఇనుప డ్యాంపర్ విరుగుతుందా? మా ఊరి పేరు చెప్పి మీ తప్పు దాచుకోవద్దు.

నీళ్ల మాట నిలవకపోయేసరికి మీ కార్యాలయం పుస్తకంలో ఏడో పేజీ చూడమంది. కదిలే వాహనాల్లో అమర్చితే వారంటీ చెల్లదని అక్కడ చిన్న అక్షరాల ఇంగ్లిష్‌లో ఉంది. ఆ పుస్తకం పెట్టెలో, యంత్రం లోపల, సీలు కింద ఉంది. డబ్బు కట్టాకే అది మా చేతికి వచ్చింది. మీ పుస్తకం వద్దంటోంది, మీ షోరూం తీసుకోమంది, మీ మనుషులే వచ్చి బండిలో బిగించి రుసుము తీసుకున్నారు. ఈ మూడింటిలో మీ కంపెనీ మాట ఏది?

ఆ రోజు ఎవరైనా నా కాగితం చదివి ఉంటే ఏం చెప్పేవారో ఇప్పుడు నాకు తెలుసు. ఆవిరిని బయటికి వదిలే రకం పెద్ద డ్రయ్యర్ విడిగా పెడితే బండి గోడకు నాలుగంగుళాల గొట్టం రంధ్రం కావాలి, కరెంటూ అంతే కావాలి కనుక అది వద్దు. పాతిక ముప్పై కిలోల చిన్న రెండు తొట్ల యంత్రం చాలు. దానిలో హీటరు లేదు, కొన్ని వందల వాట్లతో నడుస్తుంది, నీళ్లు మనం పోసినన్నే పడతాయి, ఒకసారి జాడించిన నీళ్లను మళ్లీ తొలి ఉతుకుకు వాడుకోవచ్చు. పిండే తొట్టిలో పిండి, బండి వెనక తాడు కడితే పాలమూరు ఎండకు దుప్పటి గంటలో ఆరుతుంది. వానల్లో, చలి రాత్రుల్లో మాత్రం అదనంగా ఆరు దుప్పట్లు పెట్టుకుని, పగలు ఎండ దొరికినప్పుడు ఆరబెట్టుకోవాలి. ఇందులో మీకు లాభం తక్కువ, అంతే. మిర్యాలగూడలో ఇలాంటి బండి ఉన్న ఒకాయన ఇదే చేశారు. ఆయన బండి చూశాక రెండు రోజులు నాకు అన్నం సహించలేదు.

ఆ సేల్స్ అబ్బాయి ఉద్యోగం తీయమని నేను అడగడం లేదు. నా దగ్గర చదివిన పిల్లల వయసువాడు. ఏ యంత్రం ఎన్ని వాట్లో, ఎన్ని లీటర్లో అతనికి ఎవరూ నేర్పలేదు. ఏది అమ్మితే ఎంత కమిషనో మాత్రం నేర్పారు. నా ఫిర్యాదు మీ మీద.

యంత్రం వెల, బిగింపు రుసుము కలిపి 68,000 రూపాయలు వెనక్కి ఇవ్వండి. మరమ్మతు చేసి ఇస్తామంటే ఒప్పుకోను, బాగుచేసినా అది ఈ బండిలో నడవదు. పదిహేను రోజుల్లో రాతపూర్వకంగా జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు చెప్పి, ఆపై జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం నేను నివసించే చోటే కేసు వేసుకోవచ్చు. అయిదు లక్షల లోపు రుసుము కూడా లేదు. గడువు రెండేళ్లు, నాకు తీరిక ఉంది.

యంత్రం తీసుకువెళ్లడానికి ఈసారి నలుగురిని పంపండి. ఉదయం పదకొండు లోపు రమ్మనండి, మధ్యాహ్నం అమ్మ పడుకుంటుంది. సంచిలో వేసుకుని వెళ్లిన ఆ నాలుగు బోల్టులు తెచ్చి, బిగించి మరీ తీసుకువెళ్లమని చెప్పండి.

ఇట్లు,
విశ్రాంత భౌతిక శాస్త్ర ఉపాధ్యాయుడు,
నల్లగొండ.

జతపరచినవి: రశీదు రెండు వైపుల నకలు, బిగింపు రుసుము చీటీ, మెకానిక్ రాసిచ్చిన కాగితం, విరిగిన డ్యాంపర్ ఫొటోలు.