గడ్డకట్టిన పాలకూర గురించి నీకు

పర్లాకిమిడి

ఒరేయ్,

నీ ఉత్తరం అందింది. అన్నీ చదివి ఒక్క మాట దగ్గర ఆగిపోయాను. "పాపకు గడ్డకట్టిన పాలకూర వండి పెడుతున్నాను, ప్రాణం లేని కూడు పెడుతున్నట్టుంది" అని రాశావు. ఆ మాట నన్ను రెండు రోజులు వదలలేదు. అందుకే లెక్కలు ముందేసుకుని కూర్చున్నాను.

ముందు ఇక్కడి సంగతి చెబుతాను. తెల్లవారేసరికి కొండ దిగి సవర ఆడవాళ్లు ఆకుకూర కట్టలు తెస్తారు. అమ్మ తోటకూర అంటుంది, అమ్మే ఆమె ఒడియాలో కొసళా శాగ అంటుంది, బేరం మాత్రం ఇద్దరికీ బాగానే అర్థమవుతుంది. ఆరింటికి కొన్నది తొమ్మిదింటికి పొయ్యి మీద ఉంటుంది. దానికి సాటి లేదు. కానీ అదే కట్ట సాయంత్రం దాకా ఎండలో పడి ఉంటే, దాని మీద నీళ్లు చిలకరించి అమ్ముతారు. దాన్నీ తాజా కూర అనే అంటాం! కోసిన క్షణం నుంచే విటమిన్ సి తరిగిపోతూ ఉంటుంది, వేడికి ఇంకా త్వరగా పోతుంది. మీ చికాగోలో తాజాదని అమ్మే పాలకూర చాలామటుకు కాలిఫోర్నియాలోనో ఆరిజోనాలోనో కోసినది. దుకాణానికి చేరేసరికి రోజులు గడుస్తాయి.

గడ్డకట్టించే ఆకును కోసిన వెంటనే మరిగే నీళ్లలో ఒకటి రెండు నిమిషాలు ముంచి, చల్లార్చి, మైనస్ 18 డిగ్రీల చలిలో ఉంచుతారు. ఆకును పాడుచేసే ఎంజైములు ఆ వేడికి ఆగిపోతాయి. నీళ్లలో కరిగే విటమిన్లు కొంత పోయేదీ అక్కడే.

ఇక అంకెలు. అమెరికా వ్యవసాయ శాఖ పట్టికల ప్రకారం 100 గ్రాముల పచ్చి పాలకూరలో విటమిన్ సి 28 మిల్లీగ్రాములు. తాజా ఆకును ఉడికించి వారిస్తే సుమారు 10 మిగులుతుంది, గడ్డకట్టినదాన్ని ఉడికిస్తే 2 చిల్లర. ఇక్కడ నీ దిగులు నిజమే. ఫోలేట్ అనే బి విటమిన్ కూడా తగ్గుతుంది, ఉడికించిన తాజా ఆకులో 146 మైక్రోగ్రాములుంటే ఉడికించిన గడ్డ ఆకులో 121. కానీ విటమిన్ ఎ చూడు, ఇదీ ఉడికించాకే: తాజాదానిలో 524 మైక్రోగ్రాములు, గడ్డకట్టినదానిలో 603. కాల్షియం 136 మిల్లీగ్రాములకు 153. ఉడికాక దానిలో నీరు తక్కువ, ఆకు దట్టంగా ఉంటుంది, అందుకే ఆ అంకెలు పెరిగాయి. అది ప్రాణం లేని కూడు ఎలా అవుతుందిరా?

అసలు నష్టం మన వంటలో జరుగుతోంది. ఉడికించి, పిండి, ఆ పచ్చని నీళ్లు పారబోస్తాం. నువ్వు అలా చేయకు. గడ్డను కరగనివ్వకుండా నేరుగా ఉడికిన కందిపప్పులో వేయి. నీళ్లూ దానిలోనే ఉంటాయి. నెయ్యితో పోపు పెట్టు, ఒంట్లో విటమిన్ ఎగా మారే ఆకులోని కెరోటిన్ ఒంటికి పట్టాలంటే కొవ్వు కావాలి. దించాక నిమ్మకాయ పిండు. పోయిన విటమిన్ సి కొంత తిరిగి వస్తుంది, ఇనుము ఒంటబట్టడానికీ సాయపడుతుంది. మూత్రపిండాల్లో రాళ్లున్నవారికి మాత్రం ఇది చెప్పను. పాలకూరలో ఆక్సలేట్ ఎక్కువ, నీళ్లు వారిస్తే కొంత పోతుంది. మా నాన్నకు అలాగే వారుస్తున్నాం.

శాగ భజా మీద మనసు పోతే మాత్రం ఆ పాలకూరతో ప్రయత్నించకు. మంచు పలుకులు ఆకు కణాలను చీల్చేస్తాయి, ముద్దైపోతుంది. వెల్లుల్లి, ఎండుమిర్చి వేసి మూకుడులో పొడిపొడిగా వేయించి, చద్దన్నంలో నంజుకునే ఆ కూరకు పొద్దున కోసిన ఆకే కావాలి.

సెలవులకు పాపను తీసుకొస్తానన్నావు కదా, తేదీ ముందే రాయి. తోటకూర విత్తిన నెలకు చేతికొస్తుంది. మహేంద్రతనయ ఒడ్డున మా మడి ఖాళీగానే ఉంది. మీరు దిగే రోజుకు సరిగ్గా నెల ముందు విత్తుతాను. పాప తన చేత్తోనే పీకుతుంది.

నీ
మిత్రుడు